వెదురుగొంది పొగదుప్పి

గ్రీష్మాతపమునకు మాడి బూడిదవన్నె దాల్చిన గోదావరీ తీరపర్వతపంక్తులపై నాషాఢమాసపు తొలిమేఘములు గజయూథమువలె మందగమనమున దిగివచ్చుచుండెను. తొలిజల్లు సోకిన నల్లరాళ్లనుండి వేడియావిరి లేచి వెదురుపొదల మొదళ్లయందు చిక్కుకొని యది మంచో పొగయో చూపరులకు తెలియరాకుండెను. ఇప్పచెట్ల క్రింద రాలిన పండ్ల తీపివాసనయు తడిసిన యెఱ్ఱమట్టి కమ్మదనమును గలసి గాలి బరువెక్కెను. దూరమున నెచ్చటనో యొక నెమలి యఱచి యూరకుండగా వేఱొకటి యావలి కొండనుండి దానికి బదులు పలికెను.

అట్టి ప్రాతఃకాలమున నదిగట్టున పడవ దిగి భుజమున నొక తుపాకియు చంకను గుడ్డసంచియు బూని చివుకుల విశ్వపతి యను నలువదియేండ్ల యుపాధ్యాయుడు వెదురుగొంది యను కొండరెడ్ల పల్లెకు బోవు కాలిబాట నెక్కుచుండెను. ఆ తుపాకి యాతనిది కాదు. మిత్రుడొకడు వాడుకొమ్మని యిచ్చినది. దాని నాతడు మోయు విధమును జూచినంతనే వేటగాడు కాడని యెవ్వరైనను జెప్పగలరు.

పట్టణమందలి యొక పాఠశాలలో జీవశాస్త్రము బోధించు నీ విశ్వపతి సెలవుదినములందు కొండపల్లెల దిరిగి పక్షిమృగాదుల నామములను వానిగూర్చి జనులు చెప్పుకొను ముచ్చటలను వ్రాసికొనుట యలవాటు చేసికొనియెను. అట్లు దిరుగుచుండగా నాఱు పల్లెలలోని పదునేడుగురు వృద్ధులు తమలో తామెఱుగనివారయ్యు నొక్క మృగమునుగూర్చి యొక్కతీరుననే చెప్పిరి. దాని పేరు పొగదుప్పి. అది కణుజను పెద్దలేడియంత పొడవును దుప్పియంత నాజూకును గలది. దాని మేను తడిసిన బూడిదవన్నెది. తొలకరి కురిసిన యుదయములందు మాత్రమే గొందులనుండి బయలికి వచ్చును. అది మేసినచోట మేఘము దిగును. దాని గిట్టల క్రింద గడ్డిపోచ వంగదు. అది కొండతల్లి వాహనము. దానిని వ్రేలెత్తి చూపరాదు. చూచినవాడు మూడుదినములు కొండతల్లి రాయికడ తప్ప దాని మాట యెత్తరాదు. దానిపై చేయిచేసికొన్నచో వానలు వెనుదిరిగి పోవును. ఇట్లు చెప్పిన వారిలో నొక్కడైనను దానిని గడచిన యిరువదియేండ్లలో జూచినవాడు కాడు. 

విశ్వపతి యీ వాఙ్మూలములనన్నిటిని గూర్చి యొక వ్యాసము వ్రాసి పట్టణమందలి ప్రకృతిశాస్త్ర విచారిణీ సభయందు చదివెను. కొండతల్లిని వానలను విడిచిపెట్టినను పదునేడుగురు వర్ణించిన మృగ మొకటి యుండవచ్చుననియు నది కణుజుజాతిలో నింతవఱకు గ్రంథములకెక్కని యొక శాఖ కావచ్చుననియు నాతని వాదము. సభ్యులు నవ్విరి. అధ్యక్షులు నవ్వలేదు గాని నవ్వుకన్న గట్టి మాట యొకటి పలికిరి.

"విశ్వపతిగారూ, మీరు మాకు పదిహేడుగురు ముసలివాళ్ల కలలు వినిపించారు. చర్మమో కొమ్మో కపాలమో ఒక్కటి తెచ్చి ఈ బల్లమీద పెట్టండి. మీ వ్యాసం అచ్చువేయిస్తాము. లేదా ఆ మాట ఇంతటితో విడిచిపెట్టండి."

ఆ మాట యాతని హృదయమున ములుకువలె నాటుకొనియెను. అబద్ధమాడినావనిన నాతడు సహించియుండును. తానడిగి తెలిసికొన్న మనుష్యులను మనుష్యులుగా లెక్కింపకపోవుటను మాత్రము సహింపలేకపోయెను. ఆ తొలకరికే యెరవు తుపాకితో బయలుదేరి పొగదుప్పి తిరుగుననిన తావులలో మిక్కిలి పేరుపడిన వెదురుగొందికి వచ్చెను.

పల్లె యిరువదిగుడిసెలది. దాని పెద్దకాపు సోమిరెడ్డి యను దీర్ఘకాయుడు. ఆతడు విశ్వపతి చెప్పినదంతయు విని తుపాకివంక జూచెను.

"పైన ఓ పచ్చికబయలుంది. అది తిరిగేది అక్కడే. మేం అక్కడికి పోం," అని పలికెను. "పోగూడదని కట్టుబాటు. ఇరవైరెండేళ్లయింది. మాలో నీ ఎంట వచ్చేవాడు ఎవడూ లేడు పంతులూ. గొంది అవతల ఒకడున్నాడు. ఆడినడుగు. ఆడికి ఇంక పోయేదేమీ లేదు."

ఆ యొకడు కోసిరెడ్డి. పల్లెకును వానికిని నడుమ నొక లోతైన గొంది యుండెను. దాని కావలిగట్టున వెదురుతడికల గుడిసె యొకటి యొంటరిగా నిలిచియుండెను. అఱువదియేండ్లు దాటిన యా వృద్ధుడు గడపలో గూర్చుండి బుట్ట యల్లుచుండెను. వ్రేళ్లు మాత్రము పదునెనిమిదేండ్లవాని వ్రేళ్లవలె చుఱుకుగా నాడుచుండెను. విశ్వపతి పొగదుప్పి మాట యెత్తగానే యా వ్రేళ్లు నిలిచిపోయెను.

"దాన్ని నేనే కొట్టేనండి," అని కోసిరెడ్డి చెప్పెను.

ఆతడు వయసునందు జమీందారుని వేటకాండ్రలో మేటి గుఱికాడు. ఇరువదిరెండేండ్ల క్రింద నొక తొలకరి వేకువను జమీందారు వానిని వెంటబెట్టుకొని యా పచ్చికబయలి కెక్కెను. మంచులోనుండి బూడిదవన్నె మృగ మొకటి వెలువడెను.

"దొరగారు కొట్టమన్నారు. నేను కొట్టేను. పడింది. మళ్లీ లేచింది. కుంటుకుంటా ఎదురుపొదల్లో దూరింది. నెత్తురు సూసుకుంటా ఎంట పోయేనండి. గొంది అడుగున నీళ్లలో నెత్తురు కలిసిపోయింది. ఆపైన నాకు తెల్దు."

ఆ యేడు వానలు పడలేదు. మఱుసటి యేడును పడలేదు. కొండపోడు మాడెను. ఊటలెండెను. వెదురుగొందిలో పదునొకండుగురు చచ్చిరి. వారిలో కోసిరెడ్డి భార్యయు నొకతె. పల్లెవారు కూడి వానిని గొందికావల బెట్టిరి. పొగదుప్పి వంశము బ్రదికియున్నదని కంటజూచినవాడు వచ్చి కొండతల్లి రాయి ముట్టి చెప్పువఱకు వాడు పల్లె పొలిమేర ద్రొక్కరాదనియు నెవ్వరును వానితో గూడి కుడువరాదనియు కట్టుబాటు. ఆ చెప్పువాడు పల్లెవాడు కారాదు, కోసిరెడ్డి రక్తమువాడు కారాదు. మూడవయేడు వానలు మరల కురిసెను గాని కట్టుబాటు మాత్రము నిలిచిపోయెను.

"ఇన్నేళ్లలో నువ్వైనా పైకి వెళ్లి చూడలేదా?" అని విశ్వపతి యడిగెను.

"పోలేదండి," అని కోసిరెడ్డి తలవంచుకొనియెను. "పోయి కనపడకపోతే ఎట్టా అని బయమేసింది."

త్రోవ చూపుటకు వాడొప్పుకొనియెను. ఒక్కటి మాత్రము కోరెను. తుపాకి తన చేతికీయరాదు.

ఆ దినము మొదలుకొని ప్రతి వేకువను వారిరువురు కొండ నెక్కి పచ్చికబయలి కెదురుగా నున్న యొక రాతిచరియ క్రింద గూర్చుండి పగలు మొదటిజాము గడచువఱకు గనిపెట్టుచుండిరి. అడవి యాతడూహించినంత సులభముగా దన రహస్యములను విప్పదయ్యెను. ఒకనాడు అడవిపందులు గుంపుగా వచ్చి దుంపలు ద్రవ్వుకొని పోయెను. ఒకనాడు మంచు సరిగా దుప్పియాకారముననే ముద్దకట్టి మెడ చాచి రెండడుగులు నడచినట్లై గాలి తగిలి చెదరిపోయెను. విశ్వపతి తాను జూచినదానిని నిజమని వ్రాసికొని పిమ్మట సిగ్గుపడి కొట్టివేసెను. పదునేడుగురి కన్నులను ఇట్లే మంచు మోసగించియుండరాదా యను శంక యాతనికి మొట్టమొదట నప్పుడు కలిగెను. 

అయిదవనాడు ముండ్లకొమ్మకు తగులుకొన్న బూడిదవన్నె వెండ్రుకల కుచ్చొకటి యాతని కంటబడెను. సంచిలోని కాగితమున దానిని భద్రముగా మడచుచుండగా కోసిరెడ్డి వంగి చూచి మెల్లగా, "అది కొండముచ్చుదండి," అనెను.

విశ్వపతి యాతని మొగమువంక జూచెను. ఊరకుండినచో నా కుచ్చే యీ వృద్ధుని చెఱ విడిపించియుండును. పట్టణమునుండి వచ్చిన విద్వాంసుడు నమ్మిన గుఱుతును పల్లెవారు కాదనజాలరు. ఆ మాట కోసిరెడ్డికి దెలియనిది కాదు. అయినను వాడట్లనెను. విశ్వపతి కాగితము విప్పి వెండ్రుకలను గాలికి వదలి నాటినుండి యా వృద్ధుని ప్రక్కన గూర్చుండుటలో దానెఱుగకయే కొంత యొదిగి కూర్చుండ సాగెను.

వారు ప్రతిదినమును దిగివచ్చు వేళకు గొందియంచున నొక స్త్రీ నిలిచియుండెడిది. ఆమె కోసిరెడ్డి కూతురు పండమ్మ. పల్లెలోనే మనువాడి యిద్దఱు బిడ్డల తల్లియైనది. జొన్నంబలి ముంతను బల్లపఱుపు రాతిపై నుంచి యిరువదియడుగులు వెనుకకు బోయి నిలుచును. తండ్రి వచ్చి ముంత నెత్తుకొనును. గట్టుకు గట్టుకు నడుమ రెండు మాటలు నడచును. జ్వరము తగ్గినదా యని యొకరు, పిల్లలు బాగున్నారా యని యొకరు. తల్లి చచ్చిననాడు ఆమె పదేండ్లది. నాటినుండి తండ్రిచేయి తాకియెఱుగదు.

ఎనిమిదవనాడు తండ్రి గుడిసెలోనికి బోయినపిదప నామె విశ్వపతిని బిలిచెను.

"పంతులుగారూ, మా అయ్య అబద్దం ఆడడండి. ఆనాడు కొట్టలేదు, గురి తప్పింది అని ఉంటే సరిపోయేది. సూసినోళ్లు ఎవరూ లేరు. దొరగారు పల్లెకొచ్చి సెప్పేవోరా? అననే లేదు. మీరు ఏది సూస్తే అదే సెప్పండి. సూడకపోతే సూడలేదనండి. సూడకుండా సూసేనని మాత్రం అనొద్దు. మా అయ్యకి అది సరిపడదు."

తానిచ్చటికి వచ్చినది సత్యమునకై యని విశ్వపతి తనకు దాను పలుమాఱు చెప్పికొనియుండెను. ఆ సత్యమును దాను బల్లమీద బెట్టవలసినది చర్మరూపమున నను మాట యా క్షణమున నాతనికి స్ఫురించెను.

తొమ్మిదవనాటి తెల్లవాఱుజామున కుండపోతగా వాన కురిసి తెలవాఱునప్పటికి వెలిసెను. వారు రాతిచరియ చేరునప్పటికి పచ్చికబయలంతయు తెల్లనియావిరితో నిండి పాలకడలివలె నుండెను. సూర్యకిరణము తూర్పుశిఖరమును దాటి యేటవాలుగా దిగినంతనే యా యావిరి రెండుగా చీలెను. ఆ చీలికయందు నొక మృగము నిలిచియుండెను.

అది మంచు కాదు. మంచునకు చెవులు కదలవు. మంచు నోట గడ్డిపోచలు వ్రేలాడవు. కణుజుకన్న సన్నని కాళ్లును పొడుగైన మెడయు గలిగి తడిసిన బూడిదవన్నె మేనితో వీపునడుమ నల్లనిచాఱతో నా యాడుమృగము ముప్పదియడుగుల దూరమున తలయెత్తి గాలి వాసన జూచుచుండెను. దాని గిట్టల క్రింద గడ్డి వంగుచునే యుండెను. విశ్వపతి దానిని గమనించెను. గమనించినందులకు దనలో దానే నవ్వుకొనెను కూడ.

తుపాకి యాతని భుజమున కెప్పుడు చేరెనో యాతడెఱుగడు. ఇంతదగ్గఱ వేట యెఱుగనివానికైనను గుఱి తప్పదు. అచ్చైన వ్యాసమును నవ్విన మొగములు మాడిపోవుటయు బల్లపై బఱచిన బూడిదవన్నె చర్మమును నొక్కపెట్టున నాతని కనులముందు నిలిచెను. కోసిరెడ్డి యడ్డుపడునేమో యని ప్రక్కకు జూచెను.

కోసిరెడ్డి తుపాకిని జూడనే లేదు. రెండుచేతులును మోకాళ్లపై నుంచికొని నోరు కొంచెము తెఱచి యా మృగము కాళ్లనే చూచుచుండెను. ముందుకాళ్లు. వెనుకకాళ్లు. అది యొకయడుగు వేసినపుడెల్ల వాని పెదవులు కదలుచుండెను.

"నడుస్తోంది," అని వాడు తనలో దాననుకొనుచుండెను. "కుంటకుండా నడుస్తోంది."

అంతలో నా మృగము వెనుకనున్న యెత్తుగడ్డి కదలెను. తల్లి మోకాలెత్తున నొక పిల్ల వెలువడి తడిగడ్డిలో కాలుజాఱి ముందుకు దూలి లేచి తల్లిపొట్టక్రింద దూరెను. దాని మేనును బూడిదవన్నెయే.

"పిల్లుంది పంతులుగారూ," అని వృద్ధుడు పలికెను. వాని గడ్డమునుండి కన్నీరు కాఱుచుండెను.

విశ్వపతి తుపాకిని దించెను. దించుటకు దన బలమంతయు వెచ్చింపవలసివచ్చుననుకొన్నాడు గాని పొలము పని ముగిసి నాగలి దించినంత తేలికగా నది దిగెను. తల్లియు పిల్లయు గడ్డి మేసికొనుచు మెల్లగా వెదురుపొదలవైపు సాగి ధూమము ధూమమున గలసినట్లు గనుమఱుగయ్యెను.

"అదేనా అండి ఇది? నేను కొట్టింది?" అని కోసిరెడ్డి యడిగెను.

అవునన్నచో నెంత సులువుగా నుండెడిది. విశ్వపతికి పండమ్మ మాటలు జ్ఞప్తికి వచ్చెను.

"కాదు కోసిరెడ్డీ. ఏ దుప్పీ అన్నేళ్లు బతకదు. నువ్వు కొట్టింది ఆనాడే చచ్చిందో, పదేళ్లు బతికిందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఆ జాతి మాత్రం నీ చేత అంతరించలేదు. అది చెప్పగలను."

కోసిరెడ్డి యా మాటలను ఒక్కొక్కటిగా లోనికి దీసికొనియెను. పిమ్మట తల పంకించి, "సాలండి," అనెను.

మధ్యాహ్నమునకు పల్లెనడుమ నున్న కొండతల్లి రాయికడ పల్లెవారందఱును గూడిరి. విశ్వపతి తడిరాయిపై కుడిచేయి యుంచి తాను జూచినదానిని జూచినట్లు చెప్పెను. మేని వన్నె, వీపుచాఱ, పిల్ల, అది కాలుజాఱి లేచిన విధము, కుంటులేని నడక. గిట్టలక్రింద గడ్డి వంగెనని కూడ దాచక చెప్పెను. ఆ మాటకు ముసలివారు కొందఱు గొణిగిరి. సోమిరెడ్డి చేయెత్తి వారి నూరకుండజేసెను.

"కళ్లతో సూసినోడే అట్టా సెప్తాడు," అని పలికి విశ్వపతివంక దిరిగెను. "పంతులూ, నీ మాట మేం నమ్మేం. ఇప్పుడు నాకో మాట సెప్పు. నీ భుజాన తుపాకుంది. అది ఎందుకు పేలలేదో నేనడగను. పట్నం పోయేక నువ్వు ఈ మాట అక్కడ సెప్తావా?"

విశ్వపతి తడబడెను. "నేను వచ్చిందే అందుకు సోమిరెడ్డీ. అక్కడ నన్ను నమ్మలేదు."

"నమ్మకపోతే నవ్వి ఊరుకుంటారు. నమ్మితే వస్తారు. నలుగురు నాలుగు తుపాకులేసుకొస్తే ఆ పిల్ల కూడా మిగలదు. అప్పుడు మళ్లీ ఎవడిని గొంది దాటించాలి మేం? నిన్నా?" సోమిరెడ్డి గొంతున కోపము లేదు. "కోసిగాడిని లోనికి రమ్మంటాను. నువ్వు రాయిమీద సెయ్యి తియ్యకుండా సెప్పు. ఇక్కడ అన్న మాట అక్కడ అనవుగదా?"

గొందికావల గట్టున కోసిరెడ్డి యొంటరిగా నిలిచి యిటువైపు జూచుచుండెను. ఆ దూరమునుండి వానికి మాటలు వినబడవు. మనుష్యులు మాత్రమే కనబడుదురు. విశ్వపతి తన పదియేండ్ల పరిశ్రమమును దలంచెను. నవ్విన మొగములను దలంచెను. పదునేడుగురి వాఙ్మూలములను గూడ దలంచెను. వారు తనకు జెప్పినది తానొక్కడు నమ్మిన జాలునని కాబోలు.

"అనను," అని పలికి చేయి తీసెను.

సోమిరెడ్డి గొందియంచునకు నడచి రెండుచేతులు నోటికి జేర్చి కోసిరెడ్డిని పేరుపెట్టి పిలిచెను. ఇరువదిరెండేండ్లుగా నా పల్లెలో నెవ్వరును బిగ్గఱగా పలుకని పేరది. వృద్ధుడు వెంటనే కదలలేదు. తన్నేనా పిలిచినదని వెనుకకు తిరిగి చూచెను. వెనుక నెవ్వరును లేరు. అప్పుడు గొంది దిగి బండలు పట్టుకొని యెక్కి వచ్చెను. కడపటి మెట్టున పండమ్మ చేయి యందిచ్చెను. ఆతడా చేతిని బట్టుకొనుటకు ముందు తన యఱచేతిని పంచెకు రెండుమాఱులు తుడిచికొనియెను.

ఆ మధ్యాహ్నము పల్లెవారందఱు వరుసగా గూర్చుండి కుడిచిరి. పండమ్మ తండ్రికి విస్తరి వేసి జొన్నన్నమును కందిపప్పును వడ్డించెను. కోసిరెడ్డి మొదటిముద్ద నోట బెట్టుకొని చాలసేపు నమలుచు నుండిపోయెను. అందఱును వానివంకనే చూచుచుండిరి.

"ఉప్పు తక్కువైందే," అని వాడు కూతురితో ననెను.

పండమ్మ నవ్వబోయి యేడ్చి యేడ్వబోయి నవ్వి కొంగు నోటి కడ్డము పెట్టుకొని యుప్పుముంతకై గుడిసెలోనికి బరువెత్తెను.

విజయదశమి గడచిన వారమునకు ప్రకృతిశాస్త్ర విచారిణీ సభ కూడెను. విశ్వపతి ఖాళీచేతులతో వచ్చి తన స్థానమున గూర్చుండెను. బల్లమీద నేమి పెట్టుదురని యధ్యక్షులడుగగా పెట్టదగినది తనయొద్ద లేదని యాతడు చెప్పెను. చూచితిరా యని యొకరడిగిరి. ఆతడు మాటలాడలేదు. సభ్యులు మునుపటివలె నవ్వలేదు. ఈమాఱు జాలిపడిరి. ఆ జాలి నవ్వుకన్న నెక్కుడుగా నొవ్వజేయునని యాతడు దారిలోనే యూహించుకొని వచ్చియుండెను. అయినను దాని కాతడు తాననుకొన్నంత సిద్ధపడలేదని యాతని చెవులు తెలిపెను. అవి యెఱ్ఱనై మండుచుండెను.

కార్యదర్శి సభావృత్తాంతమును వ్రాసి పైకి జదివెను. "శ్రీ విశ్వపతిగారు కొండప్రాంతమున తొమ్మిది దినములు గడపియు నేమియు గనుగొనలేక మరలివచ్చిరి." అనంతరము సంతకమునకై పుస్తకము నాతని ముందుకు జరిపెను.

విశ్వపతి కలము చేతబట్టి యా వాక్యమును మరల నొకమాఱు చదివికొనియెను.

"ఒక్క మాట మార్చాలి," అని మెల్లగా పలికెను. "కనుగొనలేక అని కాదు. తీసుకురాక అని వ్రాయండి."

"రెండూ ఒకటే కదండీ," అని కార్యదర్శి నవ్వెను.

"ఒకటే అయితే మార్చడానికి అభ్యంతరం ఉండదు కదా."

కార్యదర్శి యా పదమును కొట్టివేసి పైన వేఱొకటి వ్రాసెను. సత్యమునకు గట్టుపడిన మనుష్యుడు దానిని పలుకవలసిన తావున పలుకుటయే కాక దానిని దన గుండెలో మోయవలసిన తావున మోయుటయు నేర్వవలసియుండును. మొదటిదానికి సభలు మెచ్చును. రెండవదానికి మెచ్చువా రుండరు. విశ్వపతి సిరా యారువఱకు వేచియుండి యేమియు దీసికొనిరాక మరలివచ్చిరను వాక్యము క్రింద తన పేరును తొందరపడక గుండ్రని యక్షరములతో వ్రాసెను.